కణమునందలి జఠరాగ్ని: లైసోజోములను చూడనేర్చిన సూక్ష్మదర్శిని

ఏ రోగి మన గడప త్రొక్కినను ఆయుర్వేద వైద్యుడు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే. "ఆకలి అగుచున్నదా? తిన్నది అరుగుచున్నదా?" సకల రోగములకును మూలము అగ్నిమాంద్యమే అని మన శాస్త్రము ఘోషించుచున్నది. జఠరాగ్ని ఒకటి, భూతాగ్నులు అయిదు, ధాత్వగ్నులు ఏడు, మొత్తము పదమూడు అగ్నులని చరకాచార్యులు లెక్క చెప్పినారు. అన్నకోశములో అరిగినంత మాత్రమున చాలదు. రసము, రక్తము, మాంసము మొదలగు ప్రతి ధాతువునందును తన పాకము తాను జరుగవలెను. అది జరుగనిచో అరకొరగా మిగిలిన పదార్థము ఆమమై, నిలిచిన చోటనెల్ల రోగమును పుట్టించును.

నలుబది యేండ్లుగా ఈ మాటను రోగులకు చెప్పుచు వచ్చినాను. అయితే శరీరములోని ప్రతి కణమునందును నిజముగానే ఒక చిన్న జీర్ణాశయము కలదనియు, అది చెడినచో ఏమగునో కంటితో చూడవచ్చుననియు నాకు తెలియజేసినది ఒక నాలుగేండ్ల బాలుడు. ఆ బాలుని విషయములో నేను చేసిన పొరపాటును కూడ ఈ వ్యాసములో దాచక చెప్పుచున్నాను. పాఠకుల ఇండ్లలో మరొక బిడ్డకు అట్టి ఆలస్యము జరుగరాదనియే నా కోరిక.

నేను చేసిన పొరపాటు

ఇది ఇరువది యేండ్లకు పైబడిన మాట. గోదావరి తీరమందలి మా చిన్న పట్టణమునకు ఒక ఇల్లాలు తన కుమారుని తీసికొని వచ్చినది. బిడ్డ కాళ్ళు చేతులు సన్నగా ఉండి, పొట్ట కుండవలె ముందుకు వచ్చినది. ముఖము పాలిపోయినది. అప్పుడప్పుడు ముక్కు వెంట రక్తము కారునని తల్లి చెప్పినది. చేతితో తాకి చూడగా ఎడమ ప్రక్క ప్లీహము బొడ్డు వరకు దిగియున్నది. మా ప్రాంతమున మలేరియా జ్వరములు, నులిపురుగులు సామాన్యమగుట వలన ఇది ప్లీహోదరమే అని నిశ్చయించుకొని, దీపన పాచనములతో చికిత్స ఆరంభించినాను. ఆకలి కొంత పెరిగినది. దానితో నాకు ధైర్యము వచ్చినది. అట్లు ఎనిమిది మాసములు గడచిపోయినవి. పొట్ట మాత్రము తగ్గలేదు సరికదా, బిడ్డ రాత్రులందు ఎముకలు నొప్పియని ఏడ్వసాగినాడు.

అప్పుడు గాని నగరమునకు పంపలేదు. అచ్చటి పిల్లల వైద్యుడు ఎముక మూలుగను పరీక్షింపజేసి, నన్ను కూడ పిలిచి ఆ గాజుపలకను సూక్ష్మదర్శిని క్రింద చూపించినారు. మామూలు కణములకంటె ఎన్నో రెట్లు పెద్దవైన కణములు కొన్ని కనిపించినవి. కేంద్రకము ఒక మూలకు నెట్టబడి, కణమంతయు నలిపి వదలిన పలుచని కాగితమువలె ముడుతలు ముడుతలుగా ఉన్నది. "ఇవి గౌషర్ కణములండీ. ఈ ముడుతలన్నీ అరగకుండా మిగిలిపోయిన కొవ్వే. వీటిలో ఒక్క ఎంజైము లేదు, అంతే" అని ఆయన అన్నారు.

ఆమమునకు ఇంతకంటె స్పష్టమైన రూపమును నేను ఏనాడును చూచి యుండలేదు. కాని అది నా చూర్ణములకు లొంగునట్టి ఆమము కాదు. ఆ సంగతిని తెలిసికొనుటకు నేను ఎనిమిది మాసముల కాలమును ఆ బిడ్డ నుండి తీసికొన్నాను.

లైసోజోము అనగా నేమి?

మన శరీరము కోటానుకోట్ల కణములతో నిర్మితమైనది. ఒక్కొక్క కణమును ఒక ఇల్లుగా భావించుకొనుడు. ఇంటిలో వంటగది ఉండును, సామాను గది ఉండును, వాకిలి ఉండును. అట్లే చెత్తను, పాత సామానును విడగొట్టి పనికివచ్చు ముక్కలను మరల ఇంటికి అందించు చోటు కూడ ఒకటి ఉండవలెను గదా! ఆ చోటే లైసోజోము. పలుచని పొరతో చుట్టబడిన చిన్న సంచి ఇది. ఒక్కొక్క కణములో ఇట్టివి పదుల నుండి వందల వరకు ఉండును. ఒక మిల్లీమీటరును వేయి భాగములు చేసిన అది మైక్రోమీటరు అగును. లైసోజోము కొలత సాధారణముగా అందులో పదవ వంతు మొదలు ఒక మైక్రోమీటరు వరకు ఉండును. మన తల వెంట్రుక మందము సుమారు 80 మైక్రోమీటర్లు. దీనిని బట్టి ఆ సూక్ష్మతను ఊహించుకొనవచ్చును.

ఆ సంచిలో 60 వరకు ఎంజైములు కలవు. కొన్ని మాంసకృత్తులను, కొన్ని కొవ్వులను, కొన్ని పిండిపదార్థములను ఛేదించును. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని. ఒకటి చేయు పనిని మరొకటి చేయజాలదు. ఇవన్నియు ఆమ్ల ద్రవములో మాత్రమే చక్కగా పనిచేయును. కణద్రవ్యపు పి.హెచ్. సుమారు 7.2 ఉండగా, లైసోజోము లోపల అది 4.5 మొదలు 5 వరకు ఉండును. ఈ పులుపును నిలుపుటకు సంచి పొరలోని పంపులు నిరంతరము ఆమ్లకణములను లోనికి తోడుచుండును. అన్నకోశమునకు ఆమ్లము ఎట్లో కణమునకు ఇది అట్లు. పాఠశాల పుస్తకములలో వీనినే "స్వయం విచ్ఛిత్తి సంచులు" అని మన పిల్లలు చదివియున్నారు. ఆ పేరు భయము గొల్పును గాని, ఇవి నిత్యము చేయు పని విచ్ఛిత్తి మాత్రమే కాదు, పునర్నిర్మాణమునకు సరుకు సమకూర్చుట కూడ.

మిక్సీకి, చేతి రోకలికి గల భేదము

లైసోజోమును మొదట కనిపెట్టినది కంటితో కాదు, లెక్కతో. ఈ కథ గృహిణులకు సులభముగా తెలియును.

బెల్జియము దేశమున లూవెన్ విశ్వవిద్యాలయములో క్రిస్టియన్ ద డ్యూవ్ అను శాస్త్రవేత్త ఎలుకల కాలేయముపై పరిశోధనలు చేయుచుండెను. ఇన్సులిన్ పనిని తెలిసికొనుట ఆయన ఉద్దేశము. 1949లో కాలేయమును మిక్సీ వంటి యంత్రములో రుబ్బుట మాని, గాజు గొట్టములో చిన్న రోకలివంటి కడ్డీతో మెల్లగా నూరినారు. అప్పుడు ఆమ్ల ఫాస్ఫటేజు అను ఎంజైము ఉండవలసిన దానిలో సుమారు పదవ వంతు మాత్రమే కనిపించినది. లెక్క తప్పినదేమో అని ఆ నమూనాలను శీతలపేటికలో ఉంచి, అయిదు రోజుల పిమ్మట మరల కొలిచినారు. ఆశ్చర్యము! ఎంజైము అంతయు తిరిగి కనిపించినది.

మనమైతే పాతబడినది గదా అని పారవేసి యుందుము. ఆయన పారవేయలేదు. ఎంజైము ఏదో సంచిలో బంధింపబడి యున్నదనియు, మెల్లగా నూరినప్పుడు సంచి పగులలేదనియు, నిలువ ఉంచినప్పుడు పగిలి బయటపడినదనియు గ్రహించినారు. 1955లో ఆ సంచికి లైసోజోము అని నామకరణము చేసినారు. అదే కాలమున అలెక్స్ నొవికాఫ్ అను అమెరికా శాస్త్రవేత్త సహకారముతో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో తొలి చిత్రములు తీయబడినవి. లెక్కలో ఉన్న సంచి కంటికి కనబడినది. ఈ కృషికి గాను ద డ్యూవ్ 1974లో నోబెల్ బహుమానమును మరి ఇద్దరితో కలిసి అందుకొన్నారు.

ఇచ్చట తెలుగువారు గర్వింపదగిన మాట ఒకటి కలదు. ఫాస్ఫటేజు ఎంజైమును కొలుచుట అనగా అది విడుదల చేసిన ఫాస్ఫేటును కొలుచుటయే. ఆ ఫాస్ఫేటును రంగు ద్వారా కొలుచు సులభ పద్ధతిని 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రపంచమునకు ఇచ్చినవారు భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఫిస్కే, సుబ్బారావు పద్ధతియని అది నేటికిని జీవరసాయన గ్రంథములలో నిలిచియున్నది.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చూపినది, చూపలేనిది

సాధారణ సూక్ష్మదర్శినికి ఒక హద్దు కలదు. కాంతి అలల రూపమున ప్రయాణించును. అందువలన సుమారు 200 నానోమీటర్ల కంటె దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకే చుక్కగా కనబడును. (నానోమీటరు అనగా మైక్రోమీటరులో వేయవ భాగము.) ఈ సూత్రమును 1873లో ఎర్నెస్ట్ అబ్బే అను జర్మను పండితుడు నిర్ధారించినాడు. పెక్కు లైసోజోములు ఇంచుమించు ఆ హద్దు దగ్గరనే ఉన్నవి. అందువలన మామూలు సూక్ష్మదర్శినిలో అవి మసక చుక్కలు మాత్రమే. లోపల ఏమున్నదో తెలియదు.

1931లో ఎర్నెస్ట్ రుస్కా మొదలగువారు నిర్మించిన ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఈ హద్దును దాటినది. కాంతికి బదులు ఎలక్ట్రాన్లను వాడుట వలన సంచి పొర, లోపలి పదార్థము స్పష్టముగా కనబడినవి. 1963లో హెన్రీ హెర్స్ అను శాస్త్రవేత్త పాంపే వ్యాధిగల పసిబిడ్డలలో ఒక లైసోజోము ఎంజైము లేదని కనిపెట్టినాడు. ఆ బిడ్డల కణములను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూడగా, గ్లైకోజెన్ అను పిండిపదార్థముతో ఉబ్బిపోయిన సంచులు కనిపించినవి. ఆ పదార్థమే గుండె కండరమును, కాళ్ళు చేతుల కండరములను నిర్వీర్యము చేయుచున్నది. ఒక్క ఎంజైము లేనిచో ఒక్క పదార్థము పేరుకొని ఒక్క రోగము పుట్టును. ఈ సూత్రము అట్లు స్థిరపడినది. నేడు ఇట్టి లైసోజోము నిల్వ వ్యాధులు 50కి పైగా తెలిసియున్నవి.

అయితే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి ఒక లోపము కలదు. కణమును చంపి, గట్టిపరచి, పలుచని పొరలుగా కోసి, గాలిలేని గదిలో ఉంచి చూడవలెను. అది నదిని చూపదు, గడ్డకట్టిన నదిని చూపును. జీర్ణక్రియ జరుగుచుండగా చూడవలెనన్న వేరొక ఉపాయము కావలెను.

జెల్లీచేప దీపములు

ఆ ఉపాయము సముద్రములో దొరకినది. ఒక జాతి జెల్లీచేపలో పచ్చని కాంతిని వెలువరించు మాంసకృత్తి కలదు. దాని జన్యువును కణములో ప్రవేశపెట్టి, మనకు కావలసిన మాంసకృత్తికి తోకవలె తగిలించినచో, అది ఎచ్చటికి పోయినను దీపము పట్టుకొని పోయినట్లు కనబడును. ఈ కృషికి షిమోమురా, చాల్ఫీ, సియెన్ అను మువ్వురకు 2008లో నోబెల్ బహుమానము లభించినది. ఆమ్లమునకు ఆకర్షింపబడి తమంత తామే లైసోజోములలో చేరి వెలుగు రంగులు కూడ తయారైనవి.

కొన్నేండ్ల క్రిందట నా స్నేహితుని కుమారుడు పనిచేయు పరిశోధనశాలలో ఈ దృశ్యమును చూచు భాగ్యము కలిగినది. చీకటి గదిలో తెరపై ఒక సజీవ కణము. అందులో ఎర్రని చుక్కలు చీమలబారువలె సన్నని త్రోవలలో ముందుకు వెనుకకు పరుగిడుచున్నవి. రెండు చుక్కలు కలిసికొని ఒకటగుచున్నవి, మరల విడిపోవుచున్నవి. కణమునకు పోషకములు లేని నీటిని ఇచ్చిన కొంతసేపటికి, అంచుల వద్దనున్న చుక్కలు పెక్కు కేంద్రకము దగ్గరకు చేరినవి. "ఆకలేస్తే అందరూ వంటింట్లోకి వచ్చినట్టు కదూ బాబాయ్" అని ఆ యువకుడు నవ్వినాడు.

ఈ రంగుల విద్యలో నాకు మిక్కిలి నచ్చిన యుక్తి ఒకటి కలదు. పచ్చదీపము ఆమ్లములో ఆరిపోవును, ఎర్రదీపము ఆరిపోదు. రెంటిని ఒకే మాంసకృత్తికి తగిలించినచో, పాత సామానును మూటగట్టినప్పుడు మూట పసుపుగా కనబడును. పచ్చ, ఎరుపు కాంతులు కలిసిన పసుపే గదా. మూట లైసోజోముతో కలిసి పులుపు తగిలిన వెంటనే పచ్చదనము ఆరి ఎరుపు మిగులును. పసుపు ఎరుపు కానిచో జీర్ణము కాలేదని అర్థము. కణమునందలి అగ్నిమాంద్యమును కంటితో చూచుట అనగా ఇదియే.

దీపావళి ప్రమిదల ఉపాయము

మరి 200 నానోమీటర్ల హద్దు మాటేమి? దానిని దాటిన కథ చిత్రమైనది.

దీపావళి రాత్రి ఒక అరుగుపై వంద ప్రమిదలు దగ్గర దగ్గరగా వెలిగించినారనుకొనుడు. దూరమునుండి చూచువానికి ఒకే వెలుగు ముద్ద కనబడును. కాని ఒకేసారి కాక, అక్కడొకటి ఇక్కడొకటిగా వెలిగించి ఆర్పుచు, ప్రతి దీపపు నడిమి బిందువును కాగితముపై గుర్తించుకొన్నచో? తుదకు వంద చుక్కలు వేరువేరుగా కాగితముపై నిలుచును. వెలుగు మసకయైనను దాని నడిమి బిందువు మసక కాదు.

ఎరిక్ బెట్జిగ్ అను అమెరికా శాస్త్రవేత్త ఉద్యోగమును వదలి, కొంతకాలము తండ్రిగారి యంత్రపరికరముల సంస్థలో పనిచేసి, మరల విజ్ఞానమునకు మరలినవాడు. మిత్రుడు హెరాల్డ్ హెస్ ఇంటి ముందుగదిలో ఇద్దరును కలిసి ఈ ప్రమిదల సూత్రముపై పనిచేయు సూక్ష్మదర్శినిని నిర్మించినారు. 2006లో వారు ప్రకటించిన తొలి చిత్రములలో ఒకటి లైసోజోము పొరయందలి మాంసకృత్తిదే! అంతవరకు మసక చుక్కగానున్నది, పొర అంచులతో స్పష్టమైన ఆకారముగా కనిపించినది. వేరొక మార్గమున ఇదే హద్దును దాటిన స్టెఫాన్ హెల్, ఒంటరి అణువును చూచుటకు దారి తీసిన మోర్నర్, ఈ బెట్జిగ్, మువ్వురును 2014లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానమును పంచుకొన్నారు.

తరువాత పలుచని కాంతిపొరతో కణమును చూచు యంత్రములు వచ్చినవి. అధిక కాంతి కణమును బాధించును గనుక, చూచుచున్న పొరకు మాత్రమే వెలుగునిచ్చి సజీవ కణమును చాలసేపు గమనించుట సాధ్యమైనది. 2017లో ఆరు విధముల కణాంగములకు ఆరు రంగులు వేసి, లైసోజోము ఏ క్షణమున దేనిని తాకుచున్నదో లెక్కించినారు. లైసోజోము ఒంటరి చెత్తకుండీ కాదనియు, ఇంటిలోని అన్ని గదులతో మాటలాడు పెద్దదిక్కు అనియు తేలినది.

ఉపవాసము సంగతి

పాఠకులు తప్పక అడుగు ప్రశ్న ఇది. "లంఘనం పరమౌషధమని పెద్దలన్నారు గదా, ఇందుకు సూక్ష్మదర్శిని సాక్ష్యము కలదా?"

కొంత కలదు. జపాను శాస్త్రవేత్త యోషినోరి ఓసుమి రొట్టెలు పులియబెట్టు ఈస్టు కణములను ఎన్నుకొన్నాడు. వానిలో లైసోజోమునకు బదులుగానున్న సంచి పెద్దది. మామూలు సూక్ష్మదర్శినికి కూడ కనబడును. ఆయన జీర్ణింపజేయు ఎంజైములు లేని ఈస్టును తీసికొని ఆకలితో ఉంచినాడు. కాలువకు అడ్డుకట్ట వేసినచో కొట్టుకొని వచ్చినదంతయు పోగుపడును గదా! అట్లే కొన్ని గంటలలో ఆ సంచి నిండ చిన్న చిన్న మూటలు చేరి ఎగురుచు కనిపించినవి. ఆకలిగొన్న కణము తన పాత భాగములను తానే మూటగట్టి అరిగించుకొనునని 1992లో ఆయన ప్రకటించినాడు. ఈ స్వయంభక్షణమునకు 2016లో నోబెల్ బహుమానము వచ్చినది.

ఆహారము పుష్కలముగానున్నప్పుడు లైసోజోము పొరపైననే ఒక సంకేతము వెలసి, కట్టుబడి పనులను పెంచి, స్వయంభక్షణమును అణచును. ఆకలియందు ఆ సంకేతము తగ్గును. ఇంతవరకు రూఢియైన విషయము. అయితే మనిషి ఎన్ని గంటలు ఉపవసించిన ఏ అవయవమున ఎంత శుద్ధి జరుగునో ఖండితముగా కొలుచుట ఇంకను కష్టసాధ్యము. ఈస్టుకు జరిగినది ఏకాదశినాడు మనకును అంతే కొలతగా జరుగునని నేను చెప్పను. మితాహారము, రాత్రి పెందలకడ భోజనము, వేళకు నిద్ర మంచివి. మధుమేహమునకు మందు వాడువారు, గర్భిణులు, బాలింతలు, ఎదుగు పిల్లలు మాత్రము వైద్యుని అడుగక కఠినోపవాసములు చేయరాదు. "కణశుద్ధి చూర్ణము" అని ప్రకటనలు చూచి మోసపోవలదు.

అట్లే మన ఋషులు లైసోజోమును ఎరుగుదురని కూడ నేననను. పాకము జరుగనిచో మిగిలినదే రోగమగునను వారి చూపు గొప్పది. సూక్ష్మదర్శిని చూపినది వేరొక త్రోవన వచ్చినది. రెండును ఒకచోట కలిసినట్లు కనబడిన సంతోషింతము గాని, ఒకదానిని మరొకదానికి సాక్ష్యముగా నిలుపరాదు.

వార్ధక్యమున మెదడు

ఈ విద్య పసిబిడ్డలకే కాదు, వృద్ధులకును సంబంధించినది. 2022లో న్యూయార్కు శాస్త్రవేత్తలు అల్జీమర్సు వ్యాధి లక్షణములు గల ఎలుకల మెదడును నేను పైన చెప్పిన పచ్చ, ఎరుపు దీపముల ఉపాయముతో పరిశీలించినారు. నాడీకణములలో లైసోజోముల పులుపు తగ్గి, జీర్ణము కాని మూటలు కేంద్రకము చుట్టును పూరేకులవలె ఉబ్బి కనిపించినవి. కణముల వెలుపల మడ్డి పేరుకొనుటకు ముందే ఈ స్థితి కలుగుచున్నదని వారు చూపినారు. గౌషర్ వ్యాధికి కారణమగు జన్యులోపమును ఒక్క పాలు మాత్రమే మోయువారికి, వారు ఆరోగ్యముగానున్నను, పార్కిన్సను వ్యాధి వచ్చు అవకాశము ఇతరులకంటె అధికమని కూడ తెలిసినది. చికిత్సలు ఇంకను పరిశోధనలో ఉన్నవి.

ఇంకొక మాట. కీళ్ళవాతమునకు హైడ్రాక్సీక్లోరోక్విను మాత్రలను ఏండ్ల తరబడి వాడువారు మన ఇండ్లలో ఎందరో కలరు. ఈ జాతి మందులు లైసోజోములలో చేరి నిలుచును. దీర్ఘకాలము వాడినచో కంటి వెనుక పొరకు హాని కలుగవచ్చును. కనుక వైద్యుడు చెప్పిన ప్రకారము కంటి పరీక్షలు చేయించుకొనవలెను. మందును తమంత తాము ఆపరాదు.

ఆ బాలుని మాట

గౌషర్ వ్యాధిని 1882లో పారిస్‌లో వైద్యవిద్యార్థిగా ఉన్న ఫిలిప్ గౌషర్ వర్ణించినాడు. పెరిగిన ప్లీహమును చూచి ఆయన కూడ దానిని కంతియే అని భ్రమించినాడు. లోపించినది ఏ ఎంజైమో 1960లలో అమెరికాలో రాస్కో బ్రాడీ బృందము కనుగొన్నది. ఆ ఎంజైమును మాయ నుండి వేరుచేసి తయారుచేసిన మందుకు 1991లో అక్కడ అనుమతి లభించినది. తరువాత జన్యువిధానమున తయారగుచున్నది. రెండు వారములకు ఒకమారు నరము ద్వారా ఎక్కించవలెను. ప్లీహము తగ్గును, రక్తము వృద్ధియగును. కాని ఆనాడు ఆ మందు ధర విని ఆ తండ్రి నేలపై కూర్చుండిపోయినాడు. సహాయము కొరకు వ్రాసిన అర్జీలకు జవాబు వచ్చులోపల బిడ్డ రక్తస్రావముతో కన్నుమూసినాడు. నేను తీసికొన్న ఎనిమిది మాసములు ముందుగా దొరకి యున్నచో ఏమి జరిగెడిదో చెప్పలేను. ఆ ప్రశ్న మాత్రము నన్ను వదలలేదు.

మరుసటి ఏడు ఆ తల్లి మరల వచ్చినది. ఆమె తన మేనమామనే వివాహమాడినది. "అయ్యగారూ, మా పెళ్ళే తప్పంటున్నారు అందరూ. నిజమేనా?" అని అడిగినది.

"తప్పు కాదమ్మా. మీ ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంది. ఒక్కొక్కరిలో మంచి పాలు కూడా ఉంది గనక మీకేం కాలేదు. బిడ్డకు రెండు లోపాలూ చేరాయి" అని చెప్పినాను. ఇట్టి దంపతులకు ప్రతి కాన్పునందును నాలుగింట ఒక వంతు అపాయము కలదు. దగ్గరి రక్తసంబంధము ఉన్నప్పుడు ఒకే లోపము ఇరువురియందును ఉండుటకు అవకాశము హెచ్చు. ఈసారి నేను చూర్ణము ఇయ్యలేదు. జన్యు సలహాకు పంపినాను. గర్భములోని బిడ్డకు తొలి మాసములలోనే పరీక్ష జరిగినది. పుట్టిన ఆడపిల్ల ఆరోగ్యముగా ఉన్నది. నేడు కళాశాలలో చదువుచున్నది.

గృహస్థులకు సూచనలు

1. బిడ్డ పొట్ట, ముఖ్యముగా ఎడమ ప్రక్క, పెరుగుచు పాలిపోవుట, రక్తము కారుట, ఎముకల నొప్పి ఉన్నచో ఇంటివైద్యముతో కాలము గడపరాదు. మలేరియా, థలసీమియా, రక్త సంబంధమైన ఇతర వ్యాధులలో కూడ ప్లీహము పెరుగును. పరీక్షించిన గాని తెలియదు.

2. వచ్చిన మాట, నడక తిరిగి పోవుచున్నను, పసిబిడ్డ గుడ్డపీలికవలె వ్రేలాడుచున్నను, గుండె పెద్దదని చెప్పినను, ముఖకవళికలు మోటుగా మారుచున్నను, కంటి నల్లగ్రుడ్డు మసకబారినను వెంటనే పిల్లల వైద్యుని చూడవలెను.

3. ఈ వ్యాధులలో పెక్కింటికి కొద్దిపాటి రక్తముతో ఎంజైము పరీక్ష చేయుదురు. హైదరాబాదులోని డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్ కేంద్రము, నిజాం వైద్య విజ్ఞాన సంస్థ కలిసి అరుదైన వ్యాధుల విశిష్ట కేంద్రముగా కేంద్రప్రభుత్వముచే గుర్తింపబడినవి.

4. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానము క్రింద, 2022లో చేసిన సవరణ ప్రకారము, అర్హులైన రోగులకు ఇట్టి కేంద్రముల ద్వారా 50 లక్షల రూపాయల వరకు సహాయము లభించును. గౌషర్, పాంపే, ఫాబ్రీ వ్యాధులు ఆ జాబితాలో కలవు. మందు జీవితాంతము వాడవలసినది గనుక ఈ మొత్తము ఎల్లకాలమునకు చాలదు. అయినను మొదటి మెట్టు అదియే.

5. కుటుంబములో కారణము తెలియక పసిపిల్లలు పోయిన చరిత్ర ఉన్నచో, మేనరికము తలపెట్టుటకు ముందే జన్యు సలహా పొందవలెను. ఇందు సిగ్గుపడవలసినది లేదు. తల్లిని నిందించుట మహాపాపము.

6. తెలిసిన వ్యాధికి చికిత్స జరుగుచుండగా పోషణకు, ఆకలికి, మనోధైర్యమునకు ఆయుర్వేదము తోడ్పడవచ్చును. అయితే లేని ఎంజైమును ఏ కషాయమును పుట్టింపజాలదు. ప్రతి మందును ఇరువురు వైద్యులకును తెలిపియే వాడవలెను.

రోగిని దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అను మూడింటితో పరీక్షింపవలెనని మన శాస్త్రము. దర్శనమనగా నా రెండు కన్నులే అని చాలకాలము అనుకొన్నాను. నేడు నా వైద్యశాలలో బిడ్డ పొట్టపై చేయి ఉంచిన ప్రతిసారియు, నలిగిన కాగితమువంటి ఆ కణములు మనసులో మెదలును. ఎడమ ప్రక్క గట్టిగా తగిలినచో చీటీపై చూర్ణము పేరు వ్రాయను. పెద్దాసుపత్రి పేరు వ్రాయుదును.